బంగళా రొట్టె

మూత మీద నిప్పులు పరిచేశాక ఇక చెయ్యవలసింది ఏమీ లేదు, కూర్చోవడమే. అడుగున పొయ్యి మీద పెద్ద డేకిసా, డేకిసాలో గోదారి ఇసుక, ఇసుక మీద సత్తుగిన్నె, గిన్నెలో ఆయన అడిగిన రొట్టె, పైన ఇత్తడి పళ్ళెం మూత, ఆ మూత మీద కొబ్బరి చిప్పల నిప్పులు. ఏటా క్రిస్మస్ కేకు ఇలాగే కాలుస్తుంది రాజ్యం. చిప్పల నిప్పుకి పొగ ఉండదు, తొందరా ఉండదు, నిదానంగా కాలుస్తుంది. కాకపోతే మధ్యలో మూత తియ్యకూడదు. లోపల పొంగుతోందో మాడుతోందో తెలుసుకోవాలని తీశామా, కుంగి ఊరుకుంటుంది. చిప్పలు బూడిదయ్యేదాకా ఆగాలి, అంతే. వంటపాక గుమ్మంలో పీట వేసుకుని, మోకాలి మీద గడ్డం ఆనించి, చెవి మాత్రం మధ్యగదిలో మంచం వైపు పెట్టుకుని కూర్చుంది. తెల్లవారింది గానీ ఎండ ఇంకా కొబ్బరాకులు దిగలేదు. లోపల ఆయన దగ్గడంలేదు. దగ్గితే ఒక బాధ, దగ్గకపోతే ఇంకో బాధ. పడుకున్నారేమో. పడుకుంటే మంచిదే. అసలు ఇప్పుడు ఏది మంచిదో చెప్పగలిగిన వాళ్ళెవరు? కాకినాడ పెద్ద డాక్టరు చెప్పగలిగినవాడే, చెప్పాడు కూడాను. ఆయన్ని బయట బల్ల మీద కూర్చోబెట్టి, రాజ్యాన్నీ మరిది పాపారావునీ లోపలికి పిలిచి, "ఇంక పథ్యాలు పెట్టి ఆయన్ని బాధపెట్టకండమ్మా, ఏది అడిగితే అది పెట్టండి" అన్నాడు. ఎంత మెల్లగా అన్నాడు! ఆ మాటకి అర్థం ఈ దేశంలో పసిపిల్లలకి కూడా తెలుసు. రోగం బావుంటే డాక్టర్లు తిడతారు, ఇది తినొద్దు, అది తాగొద్దు అని కళ్ళెర్రజేస్తారు. తిట్టడం మానేశారంటే చేతులు కడిగేసుకున్నారన్నమాట.

ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. చెప్పొద్దన్నాడు పాపారావు, చెప్పనన్నది రాజ్యం, ఇద్దరూ ఆసుపత్రి వరండాలోనే మొహాలు కడుక్కుని బయటికొచ్చారు. "ఏవన్నాడే?" అన్నారు దానం మాస్టారు. "ఏమంటాడు, పథ్యం ఇంకా గట్టిగా చెయ్యమన్నాడు. మీ నాలుకని తాడేసి కట్టమన్నాడు" అన్నది. ఆయన మొహం ఎంత వెలిగిపోయిందో! ముప్పైమూడేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పిన మనిషి, అబద్ధం చెప్పే పిల్లవాణ్ణి నడకని బట్టి పట్టేసే మనిషి, ఆ ఒక్క అబద్ధాన్ని మాత్రం నమ్మారు, లేకపోతే నమ్మాలనుకున్నారు. ఎదుర్లంక రేవుకి దాటేటప్పుడు పంటు మీద ఎవడో మామిడితాండ్ర అమ్ముకుంటూ వచ్చాడు. ఆయన వాడికేసి చూసి, ఆమెకేసి చూసి, "చిన్న ముక్క" అన్నారు. రాజ్యం అంతమందిలో ఎంత లావు గొంతు చేసిందని! "సిగ్గులేదాండీ, సూదిమందు పొడిపించుకున్న చెయ్యి ఇంకా వాచే ఉంది, తాండ్ర కావల్సొచ్చిందా" అని దులిపేసింది. పంటు మీద జనం నవ్వారు. ఆయనా నవ్వారు. రెయిలింగు పట్టుకుని గోదారికేసి చూస్తూ హాయిగా నవ్వారు. ఆ తిట్టు బాగా కుదిరిందని రాజ్యానికి తనమీద తనకే ముచ్చటేసింది. ఇలా తిట్టుకుంటూ ఎన్నాళ్ళయినా లాక్కెళ్ళిపోవచ్చు అనుకుంది. పంటు రేవు తగిలినప్పుడు ఊగింది, ఆయన ఆమె భుజం పట్టుకున్నారు. ఆ చెయ్యి ఎంత తేలిగ్గా ఉందో అప్పుడు తెలిసింది.

దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడాది బయటపడింది షుగరు. అప్పణ్ణించీ వాళ్ళ కాపురం అంతా తిట్లే. పిల్లలు లేని ఇల్లు, తిట్టడానికి ఇంకెవరున్నారు? పొద్దున్నే గాజుగొట్టంలో నీలం మందు పోసి, ఆయన ఒంటేలు చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచేది. రంగు నీలంగానే ఉంటే ఆ రోజు ఇంట్లో పండగ. ఆకుపచ్చకి తిరిగితే అనుమానం, ఇటుకరంగుకొస్తే కోర్టు. "నిన్న సాయంత్రం ఎవరింటికెళ్ళేరు? ఏం తిన్నారు? నా కళ్ళలోకి చూసి చెప్పండి." హెడ్మాస్టరుగారు చేతులు కట్టుకుని నిలబడి, సుబ్బరాజు గారింట్లో మనవరాలి పుట్టినరోజనీ, ఒక్కటే లడ్డూ అనీ, అదీ సగమే అనీ ఒప్పుకునేవారు. ఓసారి పెళ్ళిలో పూతరేకు జేబులో వేసుకుని వస్తే, లాల్చీ జేబంతా పంచదారై చీమలు పట్టి దొరికిపోయారు. తిట్టింది, ఏడ్చింది, ఒక పూట మాట్లాడలేదు. మర్నాడు నీలంగా వచ్చింది గాజుగొట్టం. ఆ నీలం చూసి ఎంత సంబరం! పెళ్ళినాడు కట్టిన చీర రంగు అడిగితే ఆలోచించి చెప్పాలి గానీ ఆ నీలం మాత్రం కళ్ళు మూసుకున్నా కనపడుతుంది. ఇదంతా చేసి, ఇంత కాపలా కాసి, చివరికి కిడ్నీలు రెండూ పోయాయిట. ఎక్కణ్ణించి పోయాయి? ఏ లడ్డూకి పోయాయి? తనకి తెలియకుండా ఎప్పుడు తిన్నారు? లేకపోతే ఏమీ తినకుండానే పోయాయేమో. అదే నిజమైతే ఇన్నేళ్ళూ ఆ నోరు ఎందుకు కట్టినట్టు? ఆ ఆలోచనని పక్కకి నెట్టి, పట్టకారుతో మూత మీది నిప్పుని సరిచేసింది. ఒక చిప్ప చిటపటమని కొంచెం బూడిద రాల్చింది.

ఈ రొట్టెలో వేసిన ఓట్సు కూడా ఆ పథ్యంలో వచ్చినవే. కాకినాడ మందులషాపులో డబ్బాల్లో అమ్ముతారు. అన్నం బదులు రాత్రిళ్ళు జావ కాచి ఉప్పూ మజ్జిగా కలిపి పెట్టమన్నారు. మొదటిరోజు గిన్నెలోకి చూసి "ఇది గోడకి రాసుకునేదా, నోట్లో పోసుకునేదా?" అన్నారాయన. అయినా ఇన్నేళ్ళూ తాగారు. ముక్కు మూసుకుని, రోజుకో హాస్యమాడి తాగారు. అలా ఓ రాత్రి జావ తాగుతూనే ఉన్నట్టుండి చెంచా ఆపేసి, "రాజ్యం, ఇవే అటుకులు! బంగళాలో దొరసాని రొట్టెలో వేసింది ఇవే!" అన్నారు. ఆ బంగళా కథ పెళ్ళయినప్పటినుంచీ వింటూనే ఉంది. చిన్నప్పుడు ఆయన మిషను బోర్డింగులో ఉండి చదువుకున్నారు. పాలేరు కొడుకు. రెండు పూటలా సంకటీ పులుసూ. ఒక ఈస్టరునాడు తెల్లవారుజామున సమాధుల దొడ్లో పాటలు పాడి వస్తుంటే దొరసాని పిల్లలందర్నీ బంగళా వరండాలోకి పిలిచిందట. తెల్లగుడ్డ పరిచిన బల్ల, దాని మీద రేకుపళ్ళెంలో పొగలు కక్కుతూ ఒక రొట్టె. పైన గోధుమరంగు పెంకు, చెంచాతో కొడితే పటుక్కుమంటుందిట. లోపల మెత్తగా పాలు, పళ్ళు, తీపి. పళ్ళని కాల్చడమేమిటని పిల్లలంతా గుసగుసలాడారట. "దొరసాని స్వయంగా వడ్డించిందే, మా నాన్న ఆ బంగళా అరుగు ఎక్కి ఎరగడు, నేను కుర్చీలో కూచుని తిన్నాను" అనేవారు. ఆ మాట దగ్గరకొచ్చేసరికి ఆయన గొంతు ప్రతిసారీ మారిపోయేది. ఆ గొంతు కోసమే, తెలిసిన కథయినా రాజ్యం పని ఆపి వినేది. దొరసాని వాళ్ళ దేశం వెళ్ళిపోయింది, బంగళాలో కిటికీ చెక్కలు కూడా ఎవరో పట్టుకుపోయారు. ఆ రొట్టె రుచి ఇప్పుడు ఈ భూమ్మీద ఒక్క మనిషి నాలిక మీదే ఉంది. ఆ మనిషి పోతే ఆ రుచీ పోయినట్టే.

నిన్న దీపాలవేళ అడిగారు. మూడు రోజులై నోట్లోకి ఏదీ పోవడంలేదు, నీళ్ళు తాగినా వాంతే. గోడవైపు తిరిగి పడుకున్నవారు ఇటు తిరిగి, "బంగళా రొట్టె తినాలనుందే" అన్నారు. రాజ్యానికి ప్రాణం లేచొచ్చింది. తినాలని ఉందన్నారు! ఆ మాట విని ఎన్నాళ్ళయింది! "ఆయ్, పొద్దున్నే చేసి పెడతానండి" అన్నది. దుప్పటి సరిచేసింది. రాత్రంతా మనసులో రొట్టె కాలుస్తూనే ఉంది. ఏమేం వెయ్యాలి? పళ్ళకేం లోటు, చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ పళ్ళూ బ్రెడ్డూ తెస్తారు కదా, షుగరున్న మనిషికి పళ్ళు! పుచ్చుకోకపోతే బాధపడతారు. పుచ్చుకుని పక్కింటి పిల్లలకి పంచిపెట్టడమే ఆమె పని. ఆపిల్ పళ్ళయితే ఈ ఊళ్ళో జబ్బు చేస్తేనే కనపడతాయి. మొన్న సాలమోను అయ్యగారు ప్రార్థనకొస్తూ నాలుగు తెచ్చారు. ఒక పక్క పొడిబారినా లోపల బాగానే ఉన్నాయి. కర్పూర చక్కెరకేళీలు మగ్గి తోలు నల్లబడ్డాయి, అలాంటివే పిసకడానికి మంచివి. ఓట్సు పాలల్లో నానబోసి, పళ్ళు పిసికి, ఆపిల్ ముక్కలు తరిగి, గుడ్డు కొట్టి, చెంచాడు నెయ్యి వేసింది. బెల్లం దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. బెల్లం డబ్బా ఎప్పుడూ పై అటక మీద, బియ్యం బస్తా వెనకాల. ఆయన చేతికి అందకుండా తనే దాచిన చోటది. స్టూలెక్కి డబ్బా దించుతుంటే దొంగతనం చేస్తున్నట్టు మధ్యగది వైపు చూసింది. అచ్చు విరిచి కొంచెం వేసింది, చూసింది, ఇంకొంచెం వేసింది. తర్వాత పళ్ళు బిగబట్టి మిగతాదంతా వేసేసింది.

"ఏంటండీ రాజ్యంగారూ, పొద్దుపొద్దున్నే క్రిస్మస్సొచ్చిందేంటండీ మీ ఇంటికి? వాసన మా పశువులపాకదాకా వచ్చేత్తంది!" కంచె అవతల అమ్మాజీ, చేతిలో పాలచెంబు. అమ్మాజీ వాళ్ళు కమతం చేసుకునే వాళ్ళు, నోరు పెద్దది, మనసూ పెద్దదే. మాస్టారి దగ్గర ఆమె పిల్లలిద్దరూ చదువుకున్నారు. "మేష్టారికా అండీ? తీపేసేరేంటి కొంపదీసి? మొన్న మా ఆయన గుళ్ళో ప్రసాదం పెడితే నామీద ఇంతెత్తున లేచేరు కదండీ మీరు!"

"ఆయనే అడిగేరండీ" అన్నది రాజ్యం. అంతే అన్నది. అమ్మాజీ మొహంలో నవ్వు అలాగే ఆగిపోయింది. పాలచెంబు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. ఆమె గొంతు ఎప్పుడూ అంత చిన్నగా వినలేదు రాజ్యం. "అడిగేరాండీ... పెట్టండమ్మా. పెట్టండి. కావాలంటే పాలు ఇంకా తెత్తాను" అని చెంబు కంచె మీంచి అందించి, గబగబా తిరిగి వెళ్ళిపోయింది. పైటకొంగు మొహం దాకా తీసుకెళ్ళింది, వెనకనించి చూస్తే తెలిసింది.

ఎంత తొందరగా తెలిసిపోయింది ఆమెకి! ఎవరూ చెప్పలేదు, డాక్టరు మాట వినలేదు, "ఆయనే అడిగేరండీ" అన్న రెండు ముక్కల్లో మొత్తం తెలుసుకుంది. రాజ్యం తీపి పెడుతోందంటే ఇంకేముంది అనుకుంది. అమ్మాజీకి తెలిస్తే... మరి ఆయనకి? నిన్న దీపాలవేళ తను ఏమన్నది? "ఆయ్" అన్నది. పెడతానండి అన్నది. దుప్పటి సరిచేసింది కూడాను! ఎంత మెత్తగా అన్నది! సిగ్గులేదాండీ అనలేదు, నాలిక కోస్తాననలేదు, ఆ డాక్టరు వింటే మీకు కాదు నాకు సూది పొడుస్తాడని అనలేదు. కాకినాడ డాక్టరు ఎంత మెల్లగా మాట్లాడాడో అంత మెల్లగా మాట్లాడింది. ఆ మాట విని ఆయన ఏం చేశారు? గుర్తు తెచ్చుకో, రాజ్యం, సరిగ్గా గుర్తు తెచ్చుకో. సంతోషించారా? లేదు. కాసేపు ఆమెకేసే చూశారు. "సరే" అని మళ్ళీ గోడవైపు తిరిగారు. తను ఆ చూపుని ఆకలనుకుంది. తినాలని ఉండి అడిగారో, తిడుతుందో లేదో చూద్దామని అడిగారో! పంటు మీద తాండ్ర అడిగింది కూడా అందుకేనేమో. ఆరోజు తిట్టింది కాబట్టి నవ్వారు. నిన్న నవ్వలేదు. కాకినాడనించి వచ్చాక గాజుగొట్టం కూడా కాచలేదు. ఇంకా కాచి ఏం చూడాలని? దీపంలో స్పిరిట్ ఎప్పుడో ఆరిపోయింది. రోజూ పొద్దున్నే ఆ దీపం వెలుగుకోసం చూసే మనిషికి వెలగలేదని తెలియదా? పాపారావుకి మాటిచ్చి, ఊళ్ళో ఎవరికీ పొక్కనివ్వకుండా దాచి, చివరికి తన నోటితో తనే చెప్పేసింది. ఒక్క మాటకూడా చెప్పకుండా చెప్పేసింది.

పారబోసేద్దాం. డేకిసా బోర్లించేసి, మాడిపోయిందండీ, దొరసాని రొట్టె మనకి రాదులెండి, జావ తాగండి, అనేద్దాం. తిడుతూ జావ పోద్దాం. లేచి డేకిసా దాకా వెళ్ళి ఆగిపోయింది. మూడు రోజుల తర్వాత నోరు తెరిచి ఒకటి అడిగిన మనిషికి అది కూడా లేకుండా చెయ్యడమా? పెడితే చచ్చిపోతావని చెప్పినట్టు, పెట్టకపోతే ఆకలితో పంపినట్టు. ప్రభువా అన్నది. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంటే ఎప్పుడూ చెప్పే మాటలే వచ్చాయి, మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము అని అక్కడే ఆగిపోయింది. ఇంతసేపూ వాసన వస్తూనే ఉంది. నెయ్యీ బెల్లమూ కలిసి కాలుతున్న వాసన, కాలిన అరటిపండు వాసన, ఇల్లంతా పట్టేసింది. మధ్యగదిలోకి ఎప్పుడో వెళ్ళి ఉంటుంది. ఇంక మాడిందని అబద్ధమాడటానికి కూడా లేదు. చిప్పలు తెల్లగా బూడిదయిపోయాయి. పట్టకారుతో మూత దించింది. ఎంత బాగా వచ్చింది! జీవితంలో ఎప్పుడూ చెయ్యని వంటకం, చూడనైనా చూడని వంటకం, ఎక్కడా మాడకుండా, కుంగకుండా, పైన గోధుమరంగు పెంకు కట్టి, అంచుల్లో పాకం చిన్నచిన్న బుడగలు వేస్తూ. కొంచెం పాడయి ఉంటే ఎంత బాగుండేది అనుకుని ఏడ్చింది. ఏడుపు ఆపుకుని, మొహం కడుక్కుని, పళ్ళెంలోకి తీసింది.

ఆయన అప్పటికే లేచి దిళ్ళకి ఆనుకుని కూర్చున్నారు. ఎవరి సాయమూ లేకుండా ఎలా లేచారో. తల కూడా దువ్వుకున్నారు. మొహం ఉబ్బి ఉంది, కళ్ళు మాత్రం చిన్నపిల్లాడి కళ్ళలా పళ్ళెం మీదే ఉన్నాయి. ఒడిలో తువ్వాలు పరిచి పళ్ళెం పెట్టింది. చెంచాతో పైన మెల్లగా కొట్టారు. పటుక్కుమంది. ఆయన నవ్వారు. ఒక చెంచా తీసుకుని ఊది, నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. వాంతి కాలేదు. "ఇదేనే" అన్నారు. "అచ్చం ఇదే రాజ్యం. ఎలా చేసేవు?" ఆ గొంతు, ఆ కథ చివర వచ్చే గొంతు. రెండో చెంచా నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలారు. మింగారు. మూడో చెంచా ముంచి అక్కడే ఆపేశారు. కళ్ళెత్తకుండానే, పళ్ళెంతో మాట్లాడుతున్నట్టు మెల్లగా అడిగారు.

"నిన్న నేనడిగితే తిట్టలేదేమే?"

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. ఏదో ఒకటి అనాలి, ఇప్పుడే అనాలి, ఒక్క క్షణం ఆలస్యమైతే ఇక ఎప్పటికీ అనడానికి ఉండదు. "తిట్టకేం చేస్తానండీ!" అన్నది. గొంతు పగిలినా పైకే అన్నది, కంచె అవతలికి వినపడేలా అన్నది. "నోరు కట్టుకోడం చేతకాదు గానీ పెద్ద హెడ్మాస్టరుగారు! మూడ్రోజులై తిండి లేదు కదాని రెండు చెంచాలు రుచికి చేస్తే పళ్ళెమంతా మింగేద్దామనే? రేపా డాక్టరుకి నేనేం సమాధానం చెప్పుకోవాలండీ? చాలు, ఇంక చాలు, ఇలా ఇచ్చెయ్యండి." తిడుతూనే ముందుకి వంగి రెండు చేతులా పళ్ళెం అంచులు పట్టుకుంది. ఇన్నేళ్ళలో ఎన్ని పళ్ళేలు ఇలా పట్టుకుందో, అటునించి ఎప్పుడూ ఒక లాగుడుండేది, ఇంకొక్కటేనే, ఈ ముక్కేనే అని బతిమాలుతూ లాగేవారు, నవ్వుతూ లాగేవారు, కోపమొచ్చి లాగేవారు. ఆ లాగుడు తెలుసు కాబట్టే గట్టిగా పట్టుకుంది.

ఆయన చెంచా పళ్ళెంలో పెట్టేశారు. రెండు చేతులూ పళ్ళెం మీంచి తీసేసి దుప్పటి మీద పెట్టుకున్నారు. "ఆయ్, తీసుకో" అన్నారు.

పళ్ళెం ఆమె చేతుల్లోకి వచ్చేసింది. లాగడానికని తెచ్చుకున్న బలాన్ని ఏం చెయ్యాలో తెలియక, ఆ పళ్ళెం పట్టుకుని రాజ్యం మంచం పక్కనే నిలబడిపోయింది.